నిజాలే రాసి దారి తప్పిస్తారు: ఒక రాతను నిలదీసి చదవడం ఎలా

మా పెద్దమ్మ ఒక వ్యాసం చదివి బీపీ మాత్రలు మానేసింది. పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. తల తిరుగుతోందని కూర్చుండిపోయిన రోజున చూస్తే బీపీ 190 దాటి ఉంది. ఆ వ్యాసం తెప్పించుకుని, ఎక్కడ అబద్ధం ఉందో చూపిద్దామని పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మూడుసార్లు చదివాను. ఒక్క అబద్ధమూ దొరకలేదు. కాళ్లు వాచవచ్చు, నిజమే. తల తిరగవచ్చు, నిజమే. నీరసం రావచ్చు, అదీ నిజమే. అన్నీ మాత్రల పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం మీదివే. రాయనివి రెండే: వెయ్యిమంది వేసుకుంటే ఎంతమందికి అలా అవుతుంది, మానేస్తే ఏమవుతుంది.

"అశ్వత్థామ హతః" అని గట్టిగా చెప్పి, "కుంజరః" అని గొణిగినట్టే ఇది. ధర్మరాజు ఆడింది అబద్ధం కాదు, చచ్చింది ఏనుగే. కానీ ద్రోణుడికి వినిపించింది కొడుకు చావు. దారి తప్పించే రాతల్లో ఎక్కువ భాగం ఈ బాపతే. పచ్చి అబద్ధం ఎవరో ఒకరు వెతికితే దొరికిపోతుంది. గొంతు తగ్గించి పలికిన మాటను, అసలు పలకకుండా వదిలేసిన మాటను పట్టుకోవడానికే సాధన కావాలి.

1997లో అమెరికాలోని ఐడహోలో పద్నాలుగేళ్ల కుర్రాడొకడు సైన్స్ ప్రాజెక్టు కోసం 50 మంది తోటి విద్యార్థులకు ఒక రసాయనం గురించి రాసి ఇచ్చాడు. దాని పేరు డైహైడ్రోజన్ మోనాక్సైడ్. ఆమ్ల వర్షంలో ఉంటుంది, ఆవిరి రూపంలో ఒళ్లు కాలుస్తుంది, పొరపాటున ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం తీస్తుంది, క్యాన్సర్ కణితుల్లోనూ దొరుకుతుంది. దీన్ని నిషేధించాలా అని అడిగితే 43 మంది నిషేధించాలన్నారు. అది మంచినీళ్లని పోల్చుకున్నది ఒక్కరే. రాసిన ప్రతి వాక్యమూ నిజమే. ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కాదు, వాళ్ల స్థానంలో మీరున్నా నేనున్నా చాలావరకు అదే చేసేవాళ్లం. అందుకే దీన్ని తెలివికి సంబంధించిన విషయంగా కాక అలవాటుగా చూడమంటాను. ఈ కింద చెప్పేవన్నీ నేర్చుకోగలిగిన అలవాట్లే.

1. ముందు ఆ మాటను మీ మాటల్లో తిరగరాయండి

చదివిన వెంటనే నిజమా కాదా అని తేల్చకండి. అసలు ఏమన్నారో ముందు తేల్చండి. కాగితం తీసుకుని ఒక్క వాక్యంలో రాయండి: ఎవరికి, ఏం జరిగింది, ఎంత, దేనితో పోలిస్తే. ఈ నాలుగింటిలో ఏది నింపలేకపోతున్నారో, కుంజరం అక్కడే ఉంది.

ఒక యాడ్ తీసుకుందాం. ఇది నేను అల్లిందే కానీ ఇలాంటివి రోజూ కనిపిస్తాయి: "మా శిక్షణ పూర్తిచేసినవారిలో 95 శాతం మంది సంతృప్తి వ్యక్తం చేశారు." గబగబా చదివితే, వందమంది చేరితే తొంభై ఐదుగురు బాగుపడ్డారనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కో మాట కింద గీత గీద్దాం.

"పూర్తిచేసినవారిలో" అన్నారు, చేరినవారిలో అనలేదు. నచ్చకో అర్థం కాకో మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు. అసంతృప్తి ఎక్కువగా ఉండేది వాళ్లకే. "సంతృప్తి" అన్నారు, పని వచ్చిందనో ఉద్యోగం దొరికిందనో అనలేదు. "వ్యక్తం చేశారు" అన్నారు. ఎవరు అడిగితే, ఎప్పుడు అడిగితే? సర్టిఫికెట్ ఇచ్చే రోజున పాఠం చెప్పిన మనిషే ఫారం పట్టుకుని ఎదురుగా నిలబడితే చాలామంది బాగుందనే రాస్తారు. ఇక "95 శాతం" సంగతి. ఎంతమందిలో? ఇరవైమందిలో పంతొమ్మిది మందైనా 95 శాతమే. అన్నీ కలిపి తిరగరాస్తే ఇలా వస్తుంది: "చివరిదాకా ఉన్నవాళ్లలో, అడిగితే జవాబిచ్చినవాళ్లు చాలామంది బాగుందన్నారు." ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ శిక్షణలో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషికి ఇందులో పనికొచ్చే సమాచారం దాదాపు లేదు.

మొదట్లో ఇలా రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. నెల తిరిగేసరికి కాగితం అక్కర్లేకుండా మనసులోనే జరిగిపోతుంది.

2. క్రియ దగ్గర ఆగండి

తెలుగులో మనకొక గొప్ప సదుపాయం ఉంది. విన్న మాటకు చివర "ట" తగిలిస్తాం. "వాళ్లు ఇల్లు మారారట" అంటే, నేను చూడలేదు, ఎవరో చెప్పారు అని ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది. మాట చేతులు మారేకొద్దీ మొదట రాలిపోయేది కూడా ఆ అక్షరమే. "తగ్గుతుందట" అన్నది రెండో మనిషి దగ్గర "తగ్గుతుంది" అవుతుంది, మూడో మనిషి దగ్గర "తగ్గి తీరుతుంది" అవుతుంది.

రాతల్లోనూ ఇదే జరుగుతుంది. ఉదాహరణకు ఒక పరిశోధకుడు తన పేపర్లో ఇలా రాశాడనుకోండి: "తక్కువ నిద్రపోయేవారిలో మతిమరుపు కొంత ఎక్కువగా కనిపించింది; ఏది దేనికి కారణమో ఈ అధ్యయనం చెప్పలేదు." అతని యూనివర్సిటీ పత్రికా ప్రకటనలో అది "తక్కువ నిద్రతో మతిమరుపు ముప్పు పెరగవచ్చు" అవుతుంది. వార్త హెడ్డింగులో "నిద్ర తగ్గితే మతిమరుపే!" అవుతుంది. వాట్సాప్‌లోకి వచ్చేసరికి "ఆరు గంటలకన్నా తక్కువ పడుకుంటే మతిమరుపు ఖాయం, అందరికీ పంపండి" అని తయారవుతుంది. నలుగురిలో ఎవరినీ దొంగ అనలేం. ఒక్కొక్కరు ఒక్కో చిన్న మాట తీసేశారు, అంతే. ఆరు గంటలన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

అందుకే క్రియ కింద గీత గీయండి. "సూచిస్తోంది", "కనిపించింది", "తేలింది", "రుజువైంది" అన్నవి ఒకే బరువున్న మాటలు కావు. "సంబంధం ఉంది" వేరు, "కారణం" వేరు. "80 శాతం వరకు తగ్గిస్తుంది" అన్నచోట "వరకు" అన్న మాటలో సున్నా కూడా ఇమిడిపోతుంది. ఎవరో ఒక్కరికి 80 తగ్గి, మిగతావాళ్లకు రెండు తగ్గినా ఆ వాక్యం నిలబడుతుంది. "నిపుణులు అంటున్నారు" అని చదివితే ఏ నిపుణులు, ఏ విషయంలో నిపుణులు అని అడగండి. హెడ్డింగు చివర ప్రశ్నార్థకం ఉంటే, అవునని చెప్పడానికి రాసినవాళ్ల దగ్గర ఆధారం చాలలేదని ముందే అనుకోండి. ఆధారం ఉంటే ప్రశ్న వేయరు, నేరుగా చెప్పేస్తారు.

3. శాతాన్ని మనుషుల్లోకి మార్చండి

అన్నిటిలోకీ ఒక్క అలవాటే చేసుకునే ఓపిక ఉంటే ఇది చేసుకోండి.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక చేసింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలు వాడేవారికి కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పాతవాటితో పోలిస్తే రెట్టింపు అని. రెట్టింపు అంటే నూరు శాతం పెరుగుదల. వార్త గుప్పుమంది. భయపడిన ఆడవాళ్లు మాత్రలు ఆపేశారు, చాలామంది వేరే జాగ్రత్త ఏదీ తీసుకోకుండానే. అసలు లెక్క ఇది: పాత మాత్రలు వాడే 7,000 మందిలో ఒకరికి గడ్డకట్టేది, కొత్తవి వాడే 7,000 మందిలో ఇద్దరికి. పెరిగింది 7,000 మందికి ఒక్కరు. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అంతకుముందుకన్నా సుమారు 13,000 అబార్షన్లు ఎక్కువ జరిగాయని అంచనా. గర్భం దాల్చినప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల వల్ల వచ్చే ముప్పుకన్నా ఎక్కువ. అంటే ఏ ముప్పుకు భయపడి మాత్రలు మానేశారో, అంతకన్నా పెద్ద ముప్పులోకే వెళ్లారు. "రెట్టింపు" అన్న మాట పక్కన "7,000 మందిలో" అని ఒక్క ముక్క ఉండి ఉంటే ఎంతమందికి ఆ కష్టం తప్పేదో అనిపిస్తుంది నాకు, ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా.

కాబట్టి "ముప్పు 50 శాతం పెరిగింది" అని చదవగానే, ఎంత నుంచి ఎంతకు అని అడగండి. పదివేలమందిని ఒక మైదానంలో ఊహించుకోండి. ముందు అందులో ఎంతమందికి ఆ జబ్బు వచ్చేది, ఇప్పుడు ఎంతమందికి వస్తుంది? ఇద్దరు కాస్తా ముగ్గురైతే అదీ 50 శాతమే, రెండువేలు కాస్తా మూడువేలైతే అదీ 50 శాతమే. మొదటిదానికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు, రెండోదానికి వెంటనే లేచి కూర్చోవాలి. మొదటి అంకె రాతలో లేకపోతే, ఎంత భయపడాలో తేల్చుకునే వీలు మీకు ఇవ్వలేదన్నమాట.

మందుల కంపెనీల కాగితాల్లో దీనికి తిరగేసిన పద్ధతి కూడా కనిపిస్తుంది. లాభాన్ని శాతంలో చెప్పి, నష్టాన్ని మనుషుల్లో చెబుతారు. "గుండెపోటు 50 శాతం తగ్గుతుంది, దుష్ప్రభావం వందలో ఒకరికే." తగ్గింది వందలో ఇద్దరి నుంచి ఒకరికైతే, లాభమూ నష్టమూ సమానమే. రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చాకే పోల్చండి. అలాగే 4 శాతం కాస్తా 6 శాతమైతే "2 శాతం పాయింట్లు పెరిగింది" అనవచ్చు, "50 శాతం పెరిగింది" అనీ అనవచ్చు. ఏది ఎంచుకున్నారో చూస్తే, మీలో భయం పుట్టించాలనుకున్నారో ధైర్యం చెప్పాలనుకున్నారో తెలిసిపోతుంది.

పట్టికలు, వర్గాల విషయంలోనూ కొంచెం జాగ్రత్త. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి జాబితాలో, పొగాకు ఉన్న మొదటి గ్రూపులోనే చేర్చింది. దానితో "సిగరెట్ అంత ప్రమాదం" అని రాసేశారు. ఆ గ్రూపు చెప్పేది ఆధారం ఎంత గట్టిదన్నది మాత్రమే; ప్రమాదం ఎంత పెద్దదో అది చెప్పదు.

4. లెక్కలోకి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు

శాంపిల్, అంటే లెక్కలోకి తీసుకున్న మనుషుల గుంపు, పెద్దదైతే నమ్మవచ్చని చాలామంది అనుకుంటారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటిమందికి బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేస్తున్న లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పేర్లు తీసుకున్నది టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. ఆ ఆర్థిక మాంద్యంలో అవి కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలోనే ఉండేవి. పైగా పనిగట్టుకుని జవాబు రాసి పంపినవాళ్లు, పంపనివాళ్లలాంటి మనుషులు కారు. "మా పాఠకుల్లో 80 శాతం మంది" అనో "ఆన్‌లైన్ పోల్‌లో" అనో చదివినప్పుడు ఈ కథ గుర్తుంచుకోండి.

శాంపిల్ మరీ చిన్నదైతే ఇంకో చిక్కు ఉంది. 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు, పత్రికలు ఎంత తేలిగ్గా మోసపోతాయో చూపడానికి కావాలనే ఒక నాసిరకం అధ్యయనం చేయించాడు. 15 మంది, మూడు వారాలు, ఒక్కొక్కరిలో 18 రకాల కొలతలు: బరువు, కొలెస్ట్రాల్, నిద్ర, ఇలా. చాక్లెట్ తిన్న గుంపు కాస్త త్వరగా బరువు తగ్గినట్టు వచ్చింది. "చాక్లెట్‌తో బరువు తగ్గుతారు" అని దేశదేశాల్లో అచ్చయింది. ఇందులో కిటుకు 18 అన్న అంకెలో ఉంది. పద్దెనిమిది కొలతలు తీస్తే, యాదృచ్ఛికంగానే ఏదో ఒకటి "ఫలితం"గా తేలే అవకాశం సుమారు 60 శాతం. అచ్చులో తేలినదాన్నే చూపించారు, తేలని కొలతల గురించి ఎవరూ అడగలేదు. కాబట్టి ఎంతమంది మీద చేశారు అన్నదానితో పాటు, ఇంకేమేం కొలిచారు అని కూడా అడగండి.

5. "దీనివల్లే" అన్నచోట ఇంకో కారణం వెతకండి

మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే దశ) తర్వాత హార్మోన్ మాత్రలు వాడేవారిలో గుండెజబ్బులు తక్కువగా ఉన్నాయని చాలా ఏళ్లు అధ్యయనాలు చెప్పాయి. అవి పెద్ద అధ్యయనాలు, నిజాయితీగా చేసినవి. దానితో గుండెను కాపాడుకోవడానికి కూడా ఆ మాత్రలు రాసిచ్చేవారు. తర్వాత అమెరికాలో 16,608 మంది మహిళలను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు నిజం హార్మోన్లు, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. 2002లో ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. గుండెకు మేలు జరగలేదు సరికదా, ముప్పు కొంచెం పెరిగింది. రొమ్ము క్యాన్సర్ ముప్పూ పెరిగింది.

మరి పాత అధ్యయనాల్లో మేలు ఎందుకు కనిపించినట్టు? అప్పట్లో తమంతట తాము హార్మోన్లు వాడినవాళ్లు మొదటినుంచీ కాస్త కలిగినవాళ్లు, చదువుకున్నవాళ్లు, డాక్టరు దగ్గరికి క్రమంగా వెళ్లేవాళ్లు. ఆ మేలులో కొంతైనా వాళ్ల జీవితంలోంచి వచ్చింది, మాత్రలోంచి కాదు. ఇప్పుడు "రోజూ ఫలానాది చేసేవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారు" అని ఎక్కడ చదివినా ఇదే ప్రశ్న వేయండి: అది చేయగలిగే తీరిక, డబ్బు, ఆరోగ్యం ఎవరికి ఉంటాయి? గుంపులను చీటీ వేసి విడదీశారా, లేక ఎవరికి వారే ఎంచుకున్నారా? ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం సంగతి తేలుతుంది.

6. పేజీలోంచి బయటికి రండి

ఒక వెబ్‌సైట్ నమ్మదగ్గదా అని తేల్చడానికి మనం ఏం చేస్తాం? అదే పేజీని కిందా మీదా చదువుతాం, లోగో చూస్తాం, "మా గురించి" నొక్కుతాం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఇదే పరీక్షించారు. చరిత్ర ప్రొఫెసర్లు, తెలివైన విద్యార్థులు, వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్లు కంప్యూటర్ ముందు ఏం చేస్తారో గమనించారు. ప్రొఫెసర్లు, విద్యార్థుల్లో చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి, దాని హంగులు చూసి మోసపోయారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు కొద్ది క్షణాల్లోనే ఆ పేజీ వదిలి, కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన జవాబు పట్టుకున్నది వాళ్లే. ఒక మనిషి ఎలాంటివాడో తెలియాలంటే అతన్నే కాక ఇరుగుపొరుగునూ అడుగుతాం కదా, ఇదీ అంతే.

రెండో పని, మూలం దాకా వెనక్కి నడవడం. లింకు ఉంటే నొక్కండి. అది ఇంకో వార్తకు తీసుకెళ్తే అక్కడి లింకూ నొక్కండి. పాలకూర సంగతి వినే ఉంటారు: పాత రోజుల్లో ఎవరో దశాంశ బిందువు తప్పుగా పెట్టడంతో పాలకూరలో ఇనుము పదిరెట్లు ఎక్కువని లోకమంతా నమ్మిందని. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసంతో ఈ కథ బాగా పాకింది. 2010లో మైక్ సట్టన్ అనే పరిశోధకుడు ఆ తప్పు ఎక్కడ జరిగిందో చూద్దామని వెనక్కి వెళ్తే, దశాంశ బిందువు తప్పిందనడానికి ఆధారమే దొరకలేదు. ఆధారాలు చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అందరూ వాడిన ఉదాహరణనే ఎవరూ చూసుకోలేదు. అపోహను ఖండించే రాతకు కూడా ఆధారం అడగాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

తేదీ చూడటం మాత్రం మర్చిపోకండి. పాత వార్త కొత్తగా తిరగడానికి ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

7. నచ్చిన మాటను ఇంకోసారి చూడండి

ఇది అన్నిటికన్నా కష్టం. నచ్చని రాతలో తప్పు మనకు ఇట్టే దొరుకుతుంది. నచ్చినదాన్ని చదవగానే "నేను ఎప్పట్నుంచో అంటున్నదే" అనిపించి చేయి ఫార్వర్డ్ మీదికి పోతుంది. అలా అనిపించిన క్షణాన్నే గుర్తుగా పెట్టుకోండి. కోపం, భయం, గెలిచిన సంతోషం, వీటిలో ఏదైనా ఒక్కసారిగా పొంగితే ఫోన్ పక్కన పెట్టండి. తర్వాత ఒక చిన్న పరీక్ష చేయండి: ఇదే ఆధారంతో, ఇదే శాంపిల్‌తో మీకు గిట్టని పక్షంవాళ్లు దీనికి వ్యతిరేకమైన మాట రాసి ఉంటే ఒప్పుకునేవారా?

పదేపదే చదివిన మాట నిజమనిపించడం కూడా మన మెదడు తీరే. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు విద్యార్థులకు కొన్ని వాక్యాలను రెండేసి వారాల తేడాతో మూడుసార్లు చూపించారు. మళ్లీ మళ్లీ కనిపించిన వాక్యాలు, నిజమైనా కాకపోయినా, చూసిన ప్రతిసారీ కాస్త ఎక్కువ నిజమనిపించాయి. "అందరూ అంటున్నారు, నిప్పులేనిదే పొగ వస్తుందా" అనిపించినప్పుడు, అందరూ ఒకే చోటి నుంచి కాపీ చేశారేమో చూడండి. వాక్యంలో ఒక ముక్క తీసి వెతికితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

అలాగని అన్నిటినీ అనుమానించడం నేర్చుకోకండి. అది ఇంకో గుంట. సిగరెట్లు క్యాన్సర్ తెస్తాయని గట్టిగా తేలిపోయాక కూడా, 1969 నాటి ఒక అమెరికా సిగరెట్ కంపెనీ లోపలి పత్రంలో "సందేహమే మా సరుకు" అని రాసుకున్నారు. జనాన్ని అబద్ధం నమ్మించనక్కర్లేదు, నిజాన్ని నమ్మకుండా చేస్తే చాలు అన్నది వాళ్ల లెక్క. "శాస్త్రవేత్తలు రోజుకో మాట చెబుతారు, ఎవరినీ నమ్మలేం" అన్న మాట వింటే నాకు ఆ పత్రమే గుర్తొస్తుంది. ఎన్నో దేశాల్లో, ఎన్నో రకాల అధ్యయనాలు ఒకే దిక్కు చూపిస్తుంటే, ఒక్క కొత్త పేపర్ వచ్చి కాదన్నంత మాత్రాన పాతవన్నీ కొట్టుకుపోవు.

రోజుకు ఒక్క రాత చాలు. పొడవైనది అక్కర్లేదు, ఒక యాడో ఒక హెడ్డింగో. క్రియ కింద ఒక గీత, అంకె చుట్టూ ఒక సున్నా, రాయకుండా వదిలేసిందేమిటో మార్జిన్‌లో ఒక ముక్క.

పెద్దమ్మా నేనూ ఆ వ్యాసంతో చేసింది ఇదే. ఆమె కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది, నేను గీతలు గీశాను. "కాళ్లు వాచవచ్చు" దగ్గర ఆగి "ఎంతమందికి?" అని తనే అడిగింది. మార్జిన్‌లో రాశాను. చివరికి మూడు ప్రశ్నలయ్యాయి: నేను వేసుకునే డోసుకు ఇది ఎంతమందికి వస్తుంది, వస్తే వేరే మాత్ర ఉందా, మానేస్తే నా వయసువాళ్లకు ఏమవుతుంది. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆమెకు నిజంగానే కాళ్లు కొద్దిగా వాస్తున్నాయట, భయపడి చెప్పలేదట. డాక్టరు మాత్ర మార్చారు.